అంచు మీది పేరు

ఈ కథలో పెద్దామెకి ఒక పేరుంది. దాన్ని ఇప్పుడే చెప్పడానికి వీల్లేదు. అదే పేరు పెట్టుకున్న పిల్ల ఒకతె చనిపోయింది. పోయినవాళ్ళ పేరు పలికితే దారిపట్టిన ప్రాణం ఆగి వెనక్కి చూస్తుంది, చేరవలసిన చోటికి చేరదు. అందుకని ఆ పిల్ల ఇంటివాళ్ళు మళ్ళీ పలికేదాకా ఊరంతా ఆ పేరుని మింగుకోవలసిందే. మరి అదే పేరుతో బతికున్న మనిషి సంగతేమిటంటే, ఆమే సర్దుకోవాలి. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన, నది వచ్చి సముద్రంలో పడేచోట ఉన్న ఆ మార్నబా ఊళ్ళో ఇది ఎవరికీ వింత కాదు. పెద్దామెకీ కాదు, మొదట్లో.

ఆమెని పిలవడానికి వరసలు లేకపోతే కదా. పిల్లలకి పెద్దమ్మ, ఈడువాళ్ళకి వదిన, తోబుట్టువులకి అక్క. ఆస్పత్రిలో నర్సు కూడా "అమ్మా" అనేసి ఊరుకునేది. ఎదురుగా వచ్చినవాళ్ళు బాగానే పలకరించేవాళ్ళు. దూరం నుంచి కేకేసేవాళ్ళే లేకుండా పోయారు. దుకాణం దగ్గర నిలబడి "పెద్దమ్మా" అని అరిస్తే పదిమంది ఆడవాళ్ళు వెనక్కి తిరుగుతారు, అందుకని ఎవరూ అరవరు. పనుంటే దగ్గరికొస్తారు, లేకపోతే లేదు. చేపలు పడ్డాయని ఒడ్డు మీంచి పిలుపు లేదు, బండిలో చోటుంది రమ్మని రోడ్డు మీంచి పిలుపు లేదు. మనిషి ఊళ్ళోనే ఉంది, పిలుపుకి మాత్రం అందకుండా పోయింది. అది ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

చనిపోయిన పిల్ల ఆమె చెల్లెలు మేవిస్ కూతురు. అక్క పేరే పెట్టుకుంటానని పట్టుబట్టి పెట్టింది మేవిసే. పెద్దామెకి పిల్లల్లేరు, మొగుడు ఏనాడో పోయాడు. తల్లి అక్క అంటే తల్లే కదా, చిన్నది పెద్దామె ఇంట్లోనే ఎక్కువ పెరిగింది. బుట్టలల్లే మొగలాకు ముళ్ళు చేయి కోసుకోకుండా తీయడం, గోరుతో ఆకుని నిలువునా చీల్చడం, పసుపు రంగిచ్చే వేరు కోసం ఇసకలో ఎక్కడ తవ్వాలో, ఉడికే రంగులో బూడిద ఎప్పుడు వేస్తే ఎరుపు తిరుగుతుందో అన్నీ ఈమె దగ్గరే నేర్చుకుంది. బూడిద మాత్రం ఎప్పుడూ ఎక్కువే వేసేది. చెప్తే వినే రకం కాదు.

పెద్దదయ్యాక ఆడవాళ్ళ అచ్చు షెడ్డులో చేరింది. అక్కడే ఆ బట్ట పుట్టింది. చేపలు పట్టే బుట్ట అల్లేవాళ్ళు దాన్ని బయటినుంచి చూస్తారు, చిన్నదానికి లోపలినుంచి చూడాలనిపించింది. బుట్టలోకొచ్చిన చేపకి ముందర ఏం కనిపిస్తుంది? చుట్టు వెనక చుట్టు, చిన్నదవుతూ చిన్నదవుతూ పోయే అల్లిక. ఆ చుట్లు పెద్దామె గీసింది, అల్లే చేతికే ఆ లెక్క తెలుసు కాబట్టి. వాటి మధ్యనుంచి ఈదుకుంటూ వచ్చే టేకు చేపల్ని, రెక్కల్లాంటి వెడల్పాటి ఒళ్ళూ పొడుగు తోకా ఉన్నవాటిని, చిన్నది గీసింది. టేకు చేప తండ్రి తాలూకు వాళ్ళ వంశపు గుర్తు. ఊరికే గీయకూడదు, తాతల్ని అడిగి వాళ్ళు ఊఁ అన్నాకే గీసింది. నది నీళ్ళు సముద్రంలో కలిసేచోట ఉండే బురద ఆకుపచ్చ రంగు నేల మీద తెల్లటి గీత. తయారైన బట్ట అంచు మీద వేసినవాళ్ళ పేరు అచ్చు వేయడం అక్కడి పద్ధతి. ఇద్దరు వేశారు, పేరేమో ఒకటే.

"ఒకసారి వేస్తే చాలు పెద్దమ్మా, ఇద్దరికీ సరిపోద్ది" అంది చిన్నది.

"నాది ముందు, నీది వెనక" అంది పెద్దామె.

"ఒక్క పేరుకి ముందూ వెనకా ఏంటే!" అని చిన్నది పడీపడీ నవ్వింది. ఆ ఎండాకాలం ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ లంగాల మీద టేకు చేపలే.

చిన్నదాని గుండె చిన్నప్పటినుంచీ బలహీనం. ఒళ్ళు తెలియని జ్వరాలు వచ్చి వచ్చి గుండెని పాడుచేశాయి. అక్కడి పిల్లల్లో చాలామందికి ఉన్నదే. డార్విన్ పెద్దాస్పత్రికి విమానంలో పంపించారు, అదే విమానంలో శవాన్ని తెచ్చారు. ప్రాణం అక్కడే ఆగిపోకుండా పచ్చి ఆకులు కాల్చి ఇంటికి పొగ వేశారు, షెడ్డుకి పొగ వేశారు. ఫోటోల మీద గుడ్డ కప్పారు. టేకు చేపలు అచ్చు వేసే చట్రాన్ని, ఆ స్క్రీనుని, పాత దుప్పట్లో చుట్టి గోడవైపు తిప్పి పెట్టారు. లంగాలు విప్పేసి ఎవరివి వాళ్ళు దాచేశారు. పెద్దామె జుట్టు కత్తిరించుకుంది. ఇల్లు కూడా మారింది, ఆ ఇంట్లో ఉండకూడదు కాబట్టి.

పేరు అలా పోయింది. పద్ధతి ప్రకారమే పోయింది, ఎవరినీ అనడానికి లేదు. ఆ తర్వాత జరిగిందే పెద్దామె తప్పు.

షెడ్డుకి కొత్త మేనేజరమ్మ వచ్చింది. మెల్‌బోర్న్ నుంచి. మంచి మనిషే, చెప్పవలసినవన్నీ చెప్పారు కూడా, పలకకూడని ఆ పేరేదో తప్ప. కానీ వచ్చిన కొత్తలోనే సామాను గది సర్దుతుంటే ఎవరి కంటా పడకుండా మిగిలిపోయిన బట్ట చుట్ట ఒకటి ఆమె చేతికి దొరికింది. అంచు చూసింది, పేరు చదివింది. ఇంత అందమైన పని ఎవరిదో తెలుసుకోవాలని సంబరంగా గుమ్మంలోకి వచ్చి గొంతెత్తి ఆ పేరు పిలిచింది.

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి. పెద్దామె అటు తిరిగి తొట్టి దగ్గర స్క్రీను కడుగుతోంది. రెండు వానాకాలాలు దాటాయి ఆ పేరు చెవిన పడి.

"ఆఁ... వస్తున్నా!" అంది.

అంతే. ఆలోచించి అన్నది కాదు. నీళ్ళు కారుతున్న చేతులతో వెనక్కి తిరిగింది, మొహం నిండా నవ్వు. ఆ నవ్వు అందరూ చూశారు. బట్టలు ఇస్త్రీ చేస్తున్న మేవిస్ కూడా చూసింది. మేవిస్ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. మర్నాడు నది దాటి మొగుడి తాతల నేల మీద ఉన్న ఒంటి ఇంటికి వెళ్ళిపోయింది.

మేనేజరమ్మ ఏడ్చింది, క్షమించమంది. ఆమెని ఎవరూ ఏమీ అనలేదు. పరాయి మనిషికి ఏం తెలుస్తుంది? పిలిచినదానిది కాదు తప్పు, పలికినదానిది. తెలిసిన మనిషి రాయిలా ఉండిపోవాల్సింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

"అంత తొందరేంటి వదినా నీకు?" అని థెల్మా మొహం మీదే అడిగింది. థెల్మా అదే షెడ్డులో రంగులు కలిపే మనిషి, వరసకి ఆడబిడ్డ. ఆమెకి ఎవరినైనా అనే హక్కుంది, అనకుండా ఉండే అలవాటు లేదు. "పిల్ల ఇంకా దారిలోనే ఉందేమో. తన పేరు వినిపించింది, దానికి నువ్వు పలికావు. అదిప్పుడు ఎటు పోవాలో తెలీక ఈ షెడ్డు వెనకాలే నిలబడితే?"

"ఊరుకోవే."

"నేనూరుకుంటాలే. మీ చెల్లెలు ఊరుకుంటుందా?"

చెల్లెలు ఊరుకోవడం కాదు, అసలు మాటే మానేసింది. మేవిస్ చిన్నప్పటినుంచీ అక్కని పేరు పెట్టి పిలిచే మనిషి, కోపమొస్తే మరీను. "అక్కా" అన్నది ఎవరైనా పెద్దవాళ్ళు ముందుంటేనే. ఇప్పుడు పేరూ లేదు, అక్కా లేదు. దుకాణానికి వచ్చిన రోజుల్లో కూడా పెద్దామె ఉన్న వరసలోకి రాకుండా పక్కనుంచి వెళ్ళిపోయేది.

థెల్మా మాట పెద్దామె గుండెలో ముల్లులా దిగింది. షెడ్డు వెనక చెట్టు కింద ఏదైనా కదిలితే చూడడానికి భయపడేది, చూడకుండా ఉండడానికీ భయపడేది. ఇంకో సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఆ పేరు వినిపించిన ఆ ఒక్క క్షణం ఆమెకి చిన్నది గుర్తే లేదు. నన్ను పిలిచారు అన్న సంతోషం ఒక్కటే ఉంది. దాన్ని తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసేది.

మళ్ళీ ఉక్క పెరిగింది, ఉరుములు మొదలయ్యాయి, వానలు కురిసి వెలిశాయి. ఆమె వేళకి షెడ్డుకి వెళ్ళేది, ఎవరో గీసిన పీతల్నీ అడవి బాతుల్నీ బట్ట మీద అచ్చు వేసేది. రబ్బరు పట్టీతో రంగు లాగేటప్పుడు బల్లకి అవతల ఒక మనిషి ఉండాలి. అవతల ఒకప్పుడు చిన్నది ఉండేది. ఇప్పుడు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు వచ్చి, పని కాగానే వెళ్ళిపోయేవారు. సాయంత్రం ఇంటికొచ్చి చక్కెర దండిగా వేసిన టీ డబ్బా పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. మాట్లాడాలనిపిస్తే పక్కింటి కుక్క ఉంది. అది కూడా రొట్టెముక్క అయిపోయేదాకానే.

గాలి ఆగ్నేయానికి తిరిగాక మేవిస్ మొగుడు ఆబ్నర్ పిండికీ పెట్రోలుకీ పడవ వేసుకుని వచ్చాడు. వచ్చి తిన్నగా గుమ్మం ముందు చతికిలబడ్డాడు.

"ఏం వదినా, బతికే ఉన్నావా? టీ పోసే ఉద్దేశం ఉందా, నేనే పోసుకోవాలా?"

"చేతులున్నాయిగా నీకు."

"ఉన్నాయిలే. మీ చెల్లెలు విరగ్గొట్టకుండా మిగిల్చినవి." టీ పోసుకుని నది వైపు తిరిగాడు. తర్వాత గొంతు తగ్గింది. "మా వైపు పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడారు. టేకు చేపని ఇంక బయటికి తీయొచ్చన్నారు. పేరు కూడా. చాలా కాలమైంది, పిల్ల చేరే ఉంటదన్నారు. నేనూ ఊఁ అన్నాను." గ్లాసు కింద పెట్టాడు. "అనేటప్పుడు ఎంత కష్టమో అది నీకు చెప్పక్కర్లా."

పెద్దామె టీ డబ్బా అతని వైపు జరిపింది.

"కానీ ముందు నోరు తెరవాల్సింది తల్లి. అది తెరవదు. ఆ పేరు తను పలికేదాకా ఇంకెవరూ పలకడానికి లేదు. పొద్దస్తమానం సముద్రం వైపు చూస్తా కూర్చుంటది. నువ్వు రా వదినా."

"నన్ను చూస్తే లేచి వెళ్ళిపోతుంది."

"ఎళ్తే ఎళ్ళనీ. అక్కడున్నది ఒక్క ఇల్లు. ఎంత దూరం పోయినా అన్నానికి అక్కడికే రావాలిగా?"

పెద్దామెకి భయం వేసింది. చెల్లెలు ఈసారి కూడా మొహం తిప్పుకుంటే ఇంక పేరుతో పనిలేదు, పిలిచే మనిషే ఉండదు. అయినా మొగలాకుల మోపు కట్టుకుని పడవెక్కింది. నోటితో ఏం చెప్పాలో తెలియనప్పుడు చేతికి పనుంటే కాస్త నయం.

నది మొగలో పాటు తీసి నీళ్ళు వెనక్కి పోయాయి. లోతులేని నీళ్ళలో ఇసక మీద నల్లటి నీడలు కదిలాయి, పడవ చప్పుడుకి రెక్కలల్లార్చి పక్కకి జరిగాయి. టేకు చేపలు. ఆబ్నర్ ఇంజను ఆపేసి వాటిని పోనిచ్చాడు. అవి కనుమరుగయ్యేదాకా ఇద్దరూ చూశారు.

మేవిస్ ఆమెని చూసింది, లేచి ఇంటికి అవతలి వైపు వెళ్ళి కూర్చుంది. అనుకున్నదే. పెద్దామె ఇవతల చింతచెట్టు కింద మోపు దింపుకుంది. మధ్యలో ఒక రేకుల ఇల్లు, అటు ఒక అక్కా ఇటు ఒక చెల్లెలూ. ఆబ్నర్ నిప్పుల మీద పండుగప్ప కాల్చి సగం అటు సగం ఇటు పంచాడు.

"ఈ వయసులో నాకు రెండు కాపరాలు" అని గొణిగాడు.

మేవిస్ మాట్లాడకపోలేదు, మనిషితో మాట్లాడలేదు. ఇంటిగోడతో అనేది. "టీ కాగింది, తాగేవాళ్ళు తాగొచ్చు." కుక్కతో అనేది. "వచ్చినావిడకి దోమతెర ఇవ్వమని ఆయనకి చెప్పు, రేపు జ్వరమొస్తే మోసేదెవరు?" ఆబ్నర్ కుక్క వైపు చూసి "విన్నావుగా" అని దోమతెర తెచ్చి ఇచ్చాడు. పెద్దామెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. గోడకిచ్చినపాటి మాట కూడా తనకి దక్కడం లేదు కదా అనిపించింది.

ఆమె రోజూ పని చేసుకుంది. ఆకులు చీల్చింది, ఇసక దిబ్బ మీద పసుపు వేరు తవ్వింది, డబ్బాలో ఉడకబెట్టింది, రంగు పట్టిన ఆకుల్ని చింతకొమ్మలకి ఆరేసింది. చేపల బుట్ట మొదలుపెట్టింది. ఎవరి కోసమో తనకే తెలియదు.

ఒక సాయంత్రం రంగు డబ్బా ముందు కూర్చుని ఎటో ఆలోచిస్తూ ఉండిపోయింది.

"రంగు అడుగంటుతోంది, ఇక్కడ ఎవరికీ ముక్కుల్లేవా?" అని అవతలినుంచి మేవిస్ గొంతు వినిపించింది. గోడకి చెప్పిందో, కుక్కకి చెప్పిందో. ఎవరూ కదలకపోయేసరికి తనే విసవిసా వచ్చి కర్రతో డబ్బాని మంటమీంచి లాగింది. వంగి బూడిద తీసి గుప్పెడు వేసింది. ఆగింది. ఇంకో గుప్పెడు వేసింది.

అది ఎక్కువ. రంగు కాచి అల్లే ఇద్దరికీ అది ఎక్కువని తెలుసు. అంత బూడిద ఎవరు వేసేవారో కూడా తెలుసు. నీళ్ళు పసుపునుంచి ముదురు ఎరుపులోకి తిరుగుతుంటే అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. మేవిస్ చేతులు దులుపుకుని, తల తిప్పకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున గాలి గట్టిగా ఉంది. పెద్దామె సముద్రానికి వీపు పెట్టి బుట్ట అల్లుతోంది. ఇంట్లో రేకు పెట్టె మూత తెరుచుకున్న చప్పుడైంది. తర్వాత బట్ట చప్పుడు. అచ్చు వేసిన మందపు నూలుబట్ట దులిపితే వచ్చే చప్పుడు ఆమెకి తెలుసు, ఏ బట్టో కూడా తెలిసిపోయింది. మేవిస్ ఒక పీస్ దాచుకుంది అన్నమాట. వానలకి బూజు పట్టి ఉంటుంది, ఎండలో వేయడానికి తెచ్చింది. పెద్దామె వెనక్కి తిరగలేదు. చూడడానికి తనకెవరూ అనుమతి ఇవ్వలేదు.

"ఎనిడ్."

చేతిలో ఆకు ఆగిపోయింది.

మేవిస్ గొంతే. పేరు చక్కగా, పూర్తిగా వినిపించింది. తల్లి కూతుర్ని పిలుచుకుంటోంది, అనుకుంది పెద్దామె. కూతురు గీసిన బట్ట చేతిలో ఉంది, కడుపు కాలిపోతోంది, పిలుచుకుంటోంది. పిలుచుకోనీ. మధ్యలో నేనెవర్ని? అప్పుడు పలికి చేసిన పాపం చాలు, ఈసారి రాయిలా ఉంటాను.

"ఎనిడ్!"

గొంతు పెరిగింది. పెద్దామె పెదవి కరిచిపట్టుకుంది. ఒళ్ళంతా ఆ పిలుపు వైపు తిరగాలని లాగుతోంది, మెడ బిగించి ఉంచింది. కళ్ళలోంచి కారిన నీళ్ళు మొగలాకు మీద పడ్డాయి. అల్లిక తప్పింది. విప్పి మళ్ళీ అల్లింది, మళ్ళీ తప్పింది.

ఎండిన చింతకాయ ఒకటి వచ్చి వీపుకి తగిలింది.

"ఏమే ఎనిడ్! చెవుడొచ్చిందా నీకు? ఆరోజు పరాయిది పిలిస్తే పళ్ళికిలించుకుని పరిగెత్తావు. తోడబుట్టినదాన్ని గొంతు చించుకుంటుంటే పలకవేం? గాలికి బట్టంతా ఇసకలో పడుతోంది. లేచి ఆ కొస పట్టుకో!"

పెద్దామె మెల్లగా తిరిగింది. "నన్నేనా?"

"నిన్ను కాకపోతే ఇంకెవరున్నారే ఇక్కడ?"

ఆ మాట అనేశాక మేవిస్ నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. తను ఏమందో తనకి అప్పుడు వినిపించింది. ఒడ్డున పడవ తాడు చుడుతున్న ఆబ్నర్ దాన్ని వదిలేసి ఇసకలో కూర్చుండిపోయాడు. నిజమే, ఇంకెవరున్నారు? ఆ పేరుకి పలికేవాళ్ళు ఇంకెవరూ లేరు. పిల్ల చేరిపోయింది. చేరిపోయిందని తల్లి ఒప్పుకుంది కాబట్టే పేరు తిరిగొచ్చింది.

ఇంక చెప్పొచ్చు. పెద్దామె పేరు ఎనిడ్.

"వస్తున్నా" అంది ఎనిడ్. ఆరోజు షెడ్డులో అన్న మాటే. ఆరోజు ఆ గొంతులో ఉన్న సంతోషం ఇప్పుడు లేదు. ఇన్నాళ్ళూ పేరు లేకుండా ఒంటరిగా ఉన్నాననుకుంది. అది తప్పు. ఇన్నాళ్ళూ ఆ నిశ్శబ్దంలో చిన్నది ఆ పేరుని తనతో సగం పంచుకుంటూనే ఉంది. ఇప్పుడే పేరు మొత్తం తనొక్కదానికి మిగిలింది.

వెళ్ళి కొస పట్టుకుంది. అక్కాచెల్లెళ్ళు చెరోవైపు లాగి పట్టుకుంటే గాలి బట్టలో నిండి పైకెత్తింది. చుట్టు వెనక చుట్టు, మధ్యలోంచి టేకు చేపలు ఎదురొస్తున్నాయి. అక్కడక్కడా బూజు మచ్చలు. ఎనిడ్ బొటనవేలి కింద అంచు మీద పేరుంది, ఇద్దరికీ కలిపి ఒక్కసారే అచ్చు వేసినది.

"గట్టిగా పట్టుకో ఎనిడ్, వదిలేస్తావు" అంది మేవిస్, ఏడుస్తూ.

"పట్టుకున్నాలేవే" అంది ఎనిడ్.